దగ్గు ఆపుకున్న రోజు

కొత్తగా ఉద్యోగంలో చేరిన గుమాస్తాలకు శిక్షణ పెట్టినప్పుడల్లా మా బొగ్గు కంపెనీ ఏరియా ఆఫీసు వాళ్లు నన్ను ఒక గంట మాట్లాడమని పిలుస్తారు. నేను రిటైరై కొన్నేళ్లయింది. అయినా పిలుస్తారు. పై అధికారుల కమిటీ ముందు ఒక విషయాన్ని ఎలా పెట్టాలి, వాళ్లు ఏదో ఒకటి నిర్ణయించి లేచేలా ఎలా చెప్పాలి అన్నది నాకిచ్చే పని. దానికి గంట అక్కర్లేదు. నేను చెప్పేది నాలుగు ప్రశ్నలు. మిగతా సమయమంతా వాళ్లచేత చెప్పిస్తాను.

ఆ నాలుగు ప్రశ్నలు నావి కావు, మా ఆయనవి. ఆయన పదో తరగతి తప్పి బొగ్గు బాయిలో, అంటే గనిలో, చేరిన మనిషి. ప్రొజెక్టరు ముందు ఒక్కరోజు కూడా నిలబడలేదు. ఈ సంగతి శిక్షణలో చెప్పను. అక్కడ నాకు ఏడుపొస్తే పిల్లలకు ఇబ్బంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆయన సర్దారు. బొగ్గు బాయి లోపల కొంత మేరకు, అక్కడ పనిచేసే మనుషులకు ఆ షిఫ్టులో బాధ్యుడు. పైకప్పు నిలుస్తుందో లేదో చూడటం ఆయన మొదటి పని. చేతిలో ఒక కర్ర ఉంటుంది. దానితో కప్పు మీద తట్టి, రెండో చెయ్యి కప్పుకు ఆనించి వింటాడు. రాయి గట్టిగా ఉంటే ఒక చప్పుడు, లోపల పొర విడిచి ఉంటే ఇంకో చప్పుడు. రెండోదాన్ని డొల్ల అంటారు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. మేం కాలనీలో క్వార్టరు మారిన రోజు సామాను ఇంకా దింపకముందే స్టూలెక్కి స్లాబు తట్టాడు.

"ఏందయ్యా, మీద పడుతదా?" అన్నాను.

"పడది. పొయ్యి ముట్టియ్యి, చాయ్ తాగుదాం" అన్నాడు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో ఒకసారి ఏదో ఫైలు పని మీద ఆయన బాయి ఆఫీసుకు వెళ్లాను. మొదటి షిఫ్టు అయిపోయే వేళ. ఆయన పైకి వచ్చాడు. ముఖమంతా నలుపు, టోపీ మీద దీపం ఇంకా అట్లాగే ఉంది. రెండో షిఫ్టుకు దిగబోయే సర్దారు ఎదురొచ్చి నిలబడ్డాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, వరసకు బావా బామ్మర్దులు. ఎక్కడ కలిసినా ఒకరినొకరు తిట్టుకోకుండా మాట మొదలుపెట్టని వాళ్లు. ఆ రోజు మా ఆయన తిట్టలేదు, పలకరించలేదు.

"రెండో లెవెల్ల ఎడమ దిక్కు మూల మంచిగ లేదు. డొల్ల సప్పుడొస్తున్నది. రెండు దన్నులు వెట్టిన. ఇంకోటి వెట్టాలె, కట్టె తక్కువవడ్డది. అది వెట్టేదాక అటు మనుషుల్ని తోలకు. తక్కినకాడ తట్టి చూసిన, మంచిగున్నది."

"సరె బావా."

ఇద్దరూ రిజిస్టరులో సంతకాలు చేశారు. అంతే. దీన్ని చార్జి ఇవ్వడం అంటారు. షిఫ్టు మారిన ప్రతిసారీ, ముప్పై ఏళ్లపాటు, ఆయన ఇచ్చాడు, తీసుకున్నాడు.

ఇంటికొచ్చాక నవ్వుతూ అడిగాను. "బామ్మర్దిని పట్టుకొని మంచిగున్నవా అని గూడ అడుగవా? ఏం మనిషివయ్యా?"

"ఆయన కిందికి వొయ్యెటోడు. అప్పుడు నేను మర్యాదలు చేస్తే మర్యాద యాది వెట్టుకుంటడు, మూల మర్చిపోతడు."

ఆ మాటకు నవ్వి వంటింట్లోకి వెళ్లాను. అది నా పనికి కూడా వర్తిస్తుందని తట్టలేదు. నేను పుస్తకాలు చదివే మనిషిని. మా నాయన ఈ కంపెనీలోనే గుమాస్తా. నాయన ఆరోగ్యం చెడి పనిలోంచి దిగిపోతే ఆ ఉద్యోగం నాకు వచ్చింది. ఆఫీసులో నోట్లు రాయడం, పెద్దసార్లు వచ్చినప్పుడు కంప్యూటరులో బొమ్మల ప్రదర్శన తయారుచేయడం నా పని. స్లైడు అనేవాళ్లం. రంగులు, గీతలు, ఒక పక్క నుంచి అక్షరాలు జారుకుంటూ రావడం, ఇవన్నీ నేనే నేర్చుకున్నాను. ఏరియాలో ఎవరికి స్లైడ్లు కావాలన్నా నా దగ్గరికి వచ్చేవారు. అందులో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

తర్వాత కొన్నేళ్లకు మా బాయి మూతపడింది. పనిలో ఉన్నవాళ్లను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనుల వైపు, కొందరిని శ్రీరాంపూర్ వైపు మార్చారు. కాలనీలో సగం క్వార్టర్లకు తాళాలు పడ్డాయి. ఉన్నవాళ్లలో ఎక్కువమంది దిగిపోయిన కార్మికులు, వాళ్ల ఆడవాళ్లు. మా ఆయన అప్పటికే ఇంట్లో ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిందని డాక్టర్లు రాశారు. ముందు బాయి బయట చిన్న పనికి మార్చి, తర్వాత ఉద్యోగం నుంచి దింపారు. నాకింకా సర్వీసు ఉంది కాబట్టి మాకు క్వార్టరు నిలిచింది.

కాలనీ మధ్యలో చిన్న దవాఖాన ఉంది. పొద్దున ఒక డాక్టరు వస్తాడు. ఒక నర్సు, ఒక కాంపౌండరు సాయంత్రం దాకా ఉంటారు. ముక్కుకు మాస్కు పెట్టి మందు పొగలాగా పట్టించే మిషన్ ఒకటి ఉంది. అందరూ దాన్ని ఆవిరి అంటారు. మా ఆయనకు పొద్దున లేచాక ఆవిరి పట్టిస్తేనే ఆ రోజు రోజులా ఉండేది. మా ఇంటి నుంచి అక్కడికి ఆయన నడకతో ఐదు నిమిషాలు.

ఆ దవాఖానను ఎత్తేసి పెద్ద దవాఖానలో కలపాలని ఒక ఆలోచన వచ్చింది. మనుషులు తగ్గారు, సిబ్బంది వేరేచోట కావాలి. ఆలోచన తప్పని నేను అనను. ఆ నోటు మా సెక్షన్ నుంచే వెళ్లింది, టైపు చేసింది నేనే. పెద్ద దవాఖానకు పోవాలంటే రెండు ఆటోలు మారాలి. మధ్యలో మెయిన్ రోడ్డు. బసంత్‌నగర్ నుంచి వచ్చే సిమెంటు లారీలు, బొగ్గు లారీలు ఒకదాని వెనుక ఒకటి. ఆ దుమ్ములో ఆటోలో కూర్చుని ఆవిరి కోసం రోజూ పోవడం మా ఆయన వల్ల కాదు. అది నాకు టైపు చేస్తున్నప్పుడే తెలుసు. నోటులో మాత్రం దాన్ని రాసే గడి ఏదీ లేదు.

హెడ్డాఫీసు నుంచి కమిటీ వస్తుందని, ముందు దవాఖాన చూసి, తర్వాత కమ్యూనిటీ హాల్లో కాలనీవాళ్ల మాట పది నిమిషాలు వింటుందని తెలిసింది. యూనియన్ వాళ్లు, కాలనీ పెద్దలు మా ఇంటికి వచ్చారు.

"అక్కా, కంప్యూటర్ నీకే వస్తది. నువ్వే చెప్పాలె. మేం చెప్తే కొట్లాటనుకుంటరు" అన్నారు.

మా ఆఫీసరును అడిగాను. ఆయన కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుని, "నువ్వు ఆ కాలనీదానివే కదా. చెప్పు, కానీ ఆఫీసు కాగితాలేవీ వాడకు" అన్నాడు. మంచివాడు. ఇంకో ఆఫీసరైతే ఒప్పుకునేవాడు కాదు.

వారం రోజులు స్లైడ్లు చేశాను. ఇరవై రెండు అయ్యాయి. ఇటు నేను ఆ పనిలో ఉంటే అటు కాలనీ ఇంకో పనిలో ఉంది. బాయిలో ఒక పద్ధతి ఉండేది. పై అధికారి దిగుతున్నాడంటే ఆయన నడిచే దారికి రెండు పక్కలా సున్నం పడుతుంది. చెత్త మూసేసిన వైపుకు పోతుంది. అందరూ నిటారుగా నిలబడతారు. ఎవరూ చెప్పక్కర్లేదు, చేతులకు అలవాటు. ఇప్పుడు దవాఖానకు పెద్దసార్లు వస్తున్నారన్నారు కదా, అవే చేతులు లేచాయి. రోడ్డుకు రెండు వైపులా సున్నపు గీతలు. బెంచీలు కడిగారు. గోడకు వెల్ల. కాంపౌండరు చాంబరు తలుపుకు కొత్త కర్టెను.

కమిటీ వచ్చిన పొద్దున ముసలివాళ్లంతా నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని బెంచీల మీద వరసగా కూర్చున్నారు. మా ఆయన కూడా. నేను పెళ్లిళ్లకు తప్ప తీయని తెల్ల చొక్కా తానే పెట్టెలోంచి తీసుకున్నాడు. కమిటీ లోపలికి రాగానే అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

కమిటీ పెద్ద నెమ్మదస్తుడు. ఒక్కొక్కరి దగ్గరా ఆగాడు.

"ఎలా ఉన్నారు?"

"మంచిగున్నం సార్."

"ఇక్కడికి రోజూ వస్తారా?"

"ఎప్పుడన్న సార్. జర నలతగున్ననాడు."

మా ఆయన దగ్గరా ఆగాడు. మా ఆయన సెల్యూట్ కొట్టాడు. "మంచిగున్న సార్." మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఆయన దగ్గును పట్టుకుని ఉన్నాడని ఆ గదిలో నాకూ నర్సుకూ మాత్రమే తెలుసు.

అక్కడి నుంచి హాలుకు వెళ్లాం. నేను మొదలుపెట్టాను. మా చర్చిలో ఎవరైనా సాక్ష్యం చెప్పాలంటే ముందు దేవునికి, తర్వాత పాస్టరుకు, సంఘానికి వందనాలు చెప్పి, పుట్టిన ఊరి నుంచి మొదలుపెడతారు. నలుగురి ముందు మాట్లాడటం నేను నేర్చుకున్నది అక్కడే. మొదటి మూడు స్లైడ్లు వందనాలు. తర్వాత కాలనీ ఎలా పుట్టింది. తర్వాత బాయి చరిత్ర, పాత ఫోటోలు. అక్షరాలు పక్క నుంచి జారుకుంటూ వచ్చాయి. పదిహేనో స్లైడు దగ్గర కమిటీ పెద్ద గడియారం చూసుకున్నాడు. చివరికి లేచి, నవ్వుతూ అన్నాడు.

"చాలా బాగా తయారుచేశారమ్మా. కాలనీ కూడా శుభ్రంగా ఉంది. పెద్దవాళ్లంతా ఆరోగ్యంగా ఉన్నారు. చాలా సంతోషం."

హాల్లో చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. ఆ మాటకు అర్థం ఏమిటో కార్లు వెళ్లిపోయాక గాని తెలిసిరాలేదు.

ఇంటికి రాగానే మా ఆయన గడప దగ్గరే కూలబడి దగ్గాడు. ఎంతసేపు దగ్గాడో. నీళ్లు తాగలేకపోయాడు. మళ్లీ దవాఖానకు నడిపించి ఆవిరి పెట్టించి తీసుకొచ్చాను. ఊపిరి కుదిరాక నాకు కోపం వచ్చింది.

"గంటసేపు ఎందుకు ఆపుకున్నవయ్యా? దవాఖాన ఎందుకు కావాలన్నది చూసెటందుకే గదా వాళ్లొచ్చింది?"

"పెద్దసార్ల మొకం మీద దగ్గుతరా ఎవలన్న?"

"దగ్గకుంటె వాళ్లకెట్ల తెలుస్తది?"

"నువ్వు చెప్తవనుకున్న." తెల్ల చొక్కా విప్పి మడతపెడుతూ అన్నాడు. "ఇర్వై రెండు బొమ్మలు చూపెట్టినవ్. దవాఖాన బంద్ చెయ్యకుండ్రన్న మాట ఏ బొమ్మల ఉండె?"

"పందొమ్మిదో దాంట్ల."

"పందొమ్మిదో దాని దాక రూఫ్ ఆగుతదానే?"

మడతపెట్టిన చొక్కా అందుకుని పెట్టెలో పెట్టాను.

"చర్చిల సాక్ష్యం చెప్పినట్టు చెప్పినవ్. మంచిగనే ఉండె. నాకు గూడ ఏడుపొచ్చింది. కని ఏం చెయ్యాల్నో ఆయనకు చెప్పకపోతివి."

ఇద్దరం తప్పు చేశామని ఆ సాయంత్రానికి ఒప్పుకున్నాం. ఎవరిది పెద్దదన్నది మాత్రం ఆయన పోయేదాకా తేలలేదు.

నిర్ణయం ఇంకా కాలేదు. పదిహేను రోజులకు అదే కమిటీ ఏరియా ఆఫీసులో కూర్చుని అన్ని నోట్లూ తేల్చేస్తుంది. ఆ రోజు కంప్యూటరు నడిపేది నేనే. రెండు నిమిషాలు అడిగి చూద్దామనుకున్నాను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, వాకిట్లో కుర్చీ వేసుకుని మా ఆయన కూర్చున్నాడు. పాత కర్ర తెచ్చుకున్నాడు. దిగిపోయిన రోజు బాయి నుంచి తెచ్చుకున్నది అదొక్కటే.

"నేను రెండో షిఫ్టు సర్దారును. నువ్వు పైకొచ్చినవ్. చార్జియ్యి."

"అయ్యా, నమస్కారం. అనేక ఏండ్లుగా మన కాలనీ ప్రజల ఆరోగ్యానికి అండగా నిలిచిన..."

కర్రతో కుర్చీ కాలు మీద తట్టాడు. "డొల్ల."

"కాలనీలో వందలాది మంది రోగులు..."

"లెక్కవెట్టినవా?"

"లేదు."

తట్టాడు. "డొల్ల."

"ముసలివాళ్లు నానా బాధలు పడుతున్నరు."

"ఎవలు? నువ్వు చూసినవా, ఎవలన్న చెప్పిండ్రా?"

"నిన్ను చూస్తున్న గదా!"

"నన్నొక్కని చూసి కాలనీ మొత్తం మంచిగ లేదంటె ఎట్ల? ఒక్క మూల తట్టి బాయి మొత్తం రాస్తరా?" అని, కర్ర పక్కన పెట్టాడు. దగ్గు వచ్చింది. దగ్గనిచ్చాడు. తర్వాత వేళ్లు మడుస్తూ నాలుగు ప్రశ్నలు చెప్పాడు.

"ఏడ? ఏమైంది? నువ్వేం చేసినవ్? నేనేం చెయ్యాలె? గివి నాలుగే. ఐదోది నీ తృప్తికి."

వాటి తర్వాత ఇంకో మాట అన్నాడు. నా ఉద్యోగంలో నాకు బాగా పనికొచ్చిన మాట అదే.

"నువ్వు ఆ కమిటీ ఆయన్ని సార్ అనుకుంటున్నవ్. గందుకే ముందు దండాలు, తర్వాత భయం. ఆయన సార్ కాదు. ఆయన నీ తర్వాతి షిఫ్టు మనిషి. ఆయన ఆ కాగితం మీద సంతకం చేసి లోపటికి వోతడు. ఆ రూఫ్ కింద రేపు ఆయనే ఉంటడు. ఆయన మీద పడకుండ చెప్పాలె నువ్వు."

అధికారులంటే అప్పటిదాకా నా మనసులో రెండే రకాలు. బతిమాలాల్సిన వాళ్లు, ఎదిరించాల్సిన వాళ్లు. పనిలో నా తర్వాత నిలబడే మనిషిగా వాళ్లను ఎన్నడూ చూడలేదు. ఎన్ని పుస్తకాలు చదివినా ఆ చోటికి నేను చేరుకోలేదు.

మర్నాటి నుంచి వారం రోజులు సెలవు పెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోటుబుక్కు పట్టుకుని దవాఖాన బెంచీ మీద కూర్చున్నాను. ఎవరు వస్తున్నారు, ఎక్కడి నుంచి, దేనికి, ఎలా వచ్చారు. నాలుగు గీతలు గీసి రాసుకున్నాను. నర్సు నవ్వింది. "ఏందక్కా, మా మీద ఇన్‌స్పెక్షనా?" అంది. ఆమె నాకంటే చిన్నది, మాటకు మాట బాకీ ఉంచుకోదు.

చివరి వరస క్వార్టర్లలో ఉండే ఒక ముసలాయన ఉన్నాడు. ఒకప్పుడు మా ఆయనతో బాయి దిగినవాడు. మూడో రోజు ఆయన ఇంటికెళ్లి, అక్కడి నుంచి దవాఖాన దాకా పక్కనే నడిచాను. నాలుగుసార్లు ఆగాడు. ఒకసారి కరెంటు స్తంభం, ఒకసారి ప్రహరీ గోడ, రెండుసార్లు ఊరికే నడుం మీద చేతులు పెట్టుకుని. ఆగిన ప్రతిసారీ, "గీ మోరీ చూడు బిడ్డా, ఎట్లున్నదో" అని ఏదో ఒకటి చూపించేవాడు, దాన్ని చూడటానికే ఆగినట్టు. నేను ఆ మురుగు మోరీని చూశాను.

నేను అనుకోనిది కూడా కనిపించింది. పదకొండు దాటాక దవాఖానకు ఎవరూ రావడం లేదు. ఏడు రోజుల్లో ఒక్కరోజు కూడా. కాంపౌండరు పేపరు ప్రకటనలతో సహా చదువుతాడు. ఇది మా ఆయనకు చెప్పి, "ఇది నేను చెప్పను" అన్నాను.

"ఎందుకు?"

"చెప్తె మూస్తరు."

"రెండో లెవెల్ మూల మంచిగ లేదన్ననాడు, తక్కినకాడ మంచిగున్నదని గూడ చెప్పిన. యాదికున్నదా? మంచిగున్న జాగ మంచిగున్నదంటెనే, పాడైన జాగ పాడైందంటె నమ్ముతరు. పదకొండు తర్వాత ఎవ్వలు రారని చెప్పు. ఆ మనుషుల్ని తీస్కపొమ్మని నువ్వే చెప్పు. పొద్దటిపూట ఇడువుమను."

"అన్నీ ఇచ్చేస్తే ఇగ మనకేం మిగుల్తది?"

"పొద్దు మిగుల్తది. మాకు కావాల్సింది గదే గదా."

నేను అడగబోయేది మారిపోయింది. దవాఖాన మూయొద్దు అన్నది పోయి, పొద్దున పూట డాక్టరు, నర్సు, ఆవిరి మిషన్ ఉంచండి, మిగతావి తీసుకోండి అన్నది వచ్చింది. దానికి ఎవరైనా అవుననో కాదనో చెప్పగలరు.

మీటింగుకు ముందు రోజు మా ఆఫీసరుకు చెప్పాను. "నా నోటుకు ఇది ఎదురు మాట. తెలుసు కదా?" అన్నాడు. తెలుసన్నాను. "మధ్యాహ్నం ఎవరూ రారన్నది కూడా చెప్తావా?" చెప్తానన్నాను. ఆయన నా నోటుబుక్కు అటూ ఇటూ తిప్పి, "అయితే నా నోటు చదవగానే లేచి నిలబడు. నేను అడ్డం రాను" అన్నాడు.

ఆ రోజు ఆయన నోటు చదవడం అయ్యాక కమిటీ పెద్ద, "ఇంకేమైనా ఉందా?" అన్నాడు. నేను కంప్యూటరు దగ్గర నుంచి లేచాను. తెర ఖాళీగా ఉంది. నమస్కారం కూడా పెట్టలేదు. పక్కనున్న గుమాస్తా కూర్చోమని నా కొంగు లాగబోయాడట, తర్వాత చెప్పాడు.

"కాలనీ దవాఖాన గురించి సార్. ఏడు రోజులు అక్కడ కూర్చుని చూశాను. పొద్దున వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఊపిరి ఆడనివాళ్లు, ఆవిరి కోసం వస్తారు. చివరి వరసలో ఉన్న ఒకాయనతో నడిచాను. అదే కాలనీలో ఉన్న దవాఖానకు నాలుగుసార్లు ఆగి వచ్చాడు. పెద్ద దవాఖానకైతే రెండు ఆటోలు, లారీల రోడ్డు. ఆయన పోలేడు. పదకొండు తర్వాత ఎవరూ రావడం లేదు, అది కూడా చూశాను. పొద్దున పూట డాక్టరు, నర్సు, మిషన్ ఉంచండి. మధ్యాహ్నం సిబ్బందిని తీసుకోండి. వచ్చినవాళ్ల వివరం ఈ పుస్తకంలో ఉంది. మా ఇంటాయన కూడా వాళ్లలో ఒకరు. అది మీకు తెలిసి ఉండాలి."

కూర్చున్నాను. రెండు నిమిషాలు పట్టి ఉండదు.

కమిటీ పెద్ద పుస్తకం తిరగేశాడు. "మొన్న మేం వచ్చినప్పుడు అందరూ బాగానే ఉన్నామన్నారు కదమ్మా?"

"మీరొచ్చారని దగ్గు ఆపుకున్నారు సార్. మా ఆయన గంటసేపు ఆపుకుని, ఇంటికొచ్చి పడిపోయాడు."

కమిటీలో చివర కూర్చున్న ఒకాయన పెద్దగా నవ్వాడు. ఆయన నుదుటి మీద నీలం గీత ఉంది. బొగ్గు గీరిన గాయం మానితే అట్లా నీలంగా మిగులుతుంది. ఒకప్పుడు బాయి దిగిన ఇంజనీరన్నమాట.

"రోడ్డుకు సున్నం చూసిననాడే నాకు అనుమానం వచ్చింది. నా ఇన్‌స్పెక్షన్లకు కూడా ఇట్లనే కొట్టేటోళ్లు. ఈసారి మనుషులకు కొట్టిండ్రు" అన్నాడు. తర్వాత నవ్వాపి, "పొద్దటిపూట ఉంచుదాం సార్" అని కమిటీ పెద్దతో అన్నాడు.

ఉంచారు. నెల తిరక్కుండానే కాగితం వచ్చింది. ఆ ఇంజనీరుకు, కమిటీ పెద్దకు, తన నోటుకు ఎదురు మాట చెప్పనిచ్చిన మా ఆఫీసరుకు నేను రుణపడి ఉన్నాను. వాళ్లు విని నిర్ణయం మార్చుకున్నారు. నా అనుభవంలో అది తేలికైన పని కాదు.

కాగితం చూపిస్తే మా ఆయన చదివి, "సంతకం మంచిగున్నది" అన్నాడు. ఆ పొద్దున ఆవిరికి పోతూ వీధిలో అందరికీ వినబడేలా, "మా మేడం పోయి రెండు ముక్కల్ల తెచ్చింది" అన్నాడు. ఇరవై రెండు స్లైడ్ల సంగతి ఎవరికీ చెప్పలేదు. నాతో పోట్లాడినప్పుడు మాత్రం, "పందొమ్మిదో బొమ్మ దాక ఆగాల్నా?" అనేవాడు.

ఒకటి రెండేళ్లకు ఇంకో అధికారి దవాఖాన చూడటానికి వచ్చాడు. ఈసారి ఎవరూ సున్నం వేయలేదు. ముసలివాళ్లు బెంచీల మీద కూర్చునే ఉన్నారు. చివరి వరస ఆయన ఉత్సాహంగా దగ్గు మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. మా ఆయన మోచేత్తో పొడిచాడు.

"ఇగ చాలు. వచ్చినంతే దగ్గు."

"నీకేం రా, నీ పెండ్లాం ఆఫీసుల ఉన్నది" అన్నాడాయన. ఆ మాటకు నవ్వబోయి ఇద్దరికీ నిజమైన దగ్గే వచ్చింది. అధికారి కుర్చీ లాక్కుని, వాళ్ల దగ్గు తగ్గేదాకా కూర్చున్నాడు.

అట్లా మాకు కొన్నేళ్ల పొద్దులు మిగిలాయి. ఆవిరి పట్టించుకుని, బెంచీ మీద గంటసేపు కూర్చుని, అందరినీ తిట్టి ఇంటికి వచ్చేవాడు. నేను ఆఫీసుకు తయారై ఉండేదాన్ని. ఆ రోజు ముచ్చట్లు తలుపు దగ్గర నిలబడే చెప్పేవాడు, క్లుప్తంగా. రాష్ట్రం వచ్చిన రోజు కాలనీలో పటాకులు కాలిస్తే, కిటికీ మూసుకుని లోపలి నుంచి, "జర దూరం వోయి కాల్చుండ్రి రా, నేను గూడ తెలంగాణనే" అని అరిచాడు. ఆ చలికాలమే పోయాడు.

నర్సు ఆ వారం సెలవులో ఉంది. పదిహేను రోజుల తర్వాత, మిగిలిన మందులు, ఆయన కార్డు తిరిగి ఇవ్వడానికి నేను దవాఖానకు వెళ్లాను. ఆమె నన్ను చూసి లేచి నిలబడింది.

"ఎట్లయిందక్కా?"

చెప్పాలని అనుకోలేదు. నోటికి ఆ నాలుగు ప్రశ్నల వరసలోనే వచ్చింది.

"ఇంట్లనే, మంచం మీద. తెల్లారగట్ల ఊపిరి అందలేదు. కూసోవెట్టిన, నోట్ల మందు పంపు కొట్టిన, ఆటోకు చెప్పి పంపిన. ఆటో వచ్చేసరికి అయిపోయింది. ఇగ మీరు చెయ్యాల్సింది ఏం లేదు."

ఆమె మందుల సంచి నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది.

"ఒకటున్నదక్కా. కూసో."

బెంచీ మీద ముసలివాళ్లు జరిగారు. ఆయన కూర్చునే చోట ఖాళీ ఏర్పడింది. కూర్చున్నాను. పక్కన చివరి వరస ఆయనకు దగ్గు వచ్చింది. నన్ను చూసి నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని ఆపుకోబోయాడు.

"దగ్గు కాకా" అన్నాను.

ఆయన దగ్గాడు. పదకొండు దాకా అక్కడే కూర్చున్నాను.